అయుత్తయలో అద్దె సైకిల్ మీద తిరిగినవాళ్లు ఉన్నారా?

జనవరిలో అమ్మా నేనూ థాయ్‌లాండ్ వెళ్తున్నాం. బ్యాంకాక్ నుంచి పొద్దున్నే రైల్లో అయుత్తయ చేరి, అక్కడ సైకిళ్లు అద్దెకు తీసుకోవాలని ఆలోచన. 1767లో బర్మా సైన్యం ధ్వంసం చేసిన ఆ పాత రాజధానిని, చెట్టు వేళ్ల మధ్య ఇరుక్కున్న బుద్ధుడి శిరస్సును తీరిగ్గా చూడాలని అమ్మకు ఎప్పటినుంచో కోరిక.

వాట్ మహాథాట్, వాట్ ఫ్రా సి సన్‌పేట్ గుళ్లు (వాట్ అంటే బౌద్ధాలయం) దగ్గరదగ్గరే కాబట్టి బెంగ లేదు. టెన్షన్ అంతా నది అవతల ఉన్న వాట్ చైవత్తనారాం గురించే. ఊళ్లో రోజూ సైకిల్ తొక్కే అలవాటున్నా అమ్మకు అరవై దాటాయి. వంతెన మీద వాహనాల రద్దీలో వెళ్లగలదా, లేక అక్కడికి మాత్రం టుక్‌టుక్ మాట్లాడుకోవడం మేలా? మధ్యాహ్నం ఎండ ఎలా ఉంటుంది?

ఇంకొకటి. అద్దెకిచ్చేవాళ్లు పాస్‌పోర్ట్ అడిగితే, బదులుగా డబ్బు డిపాజిట్ ఒప్పుకుంటారా? పాస్‌పోర్ట్ చేతులు మారడం నాకు అస్సలు ఇష్టం లేదు. వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.