మంత్రి మారితే పాత హామీ చెల్లుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మా ఊళ్లో చిన్న గానుగ నూనె మిల్లు పెట్టుకున్నాం, సబ్సిడీ మంజూరైనట్టు కాగితం కూడా వచ్చింది, సంతకం, రౌండ్ సీలు అన్నీ ఉన్నాయి, దాన్ని నమ్ముకునే బ్యాంకులో అప్పు తెచ్చి మోటారు బిగించాం. ఈలోగా మంత్రిగారు మారారు. ఇప్పుడు ఆఫీసుకెళ్తే "కొత్త సార్ పాలసీ మారుస్తారేమో, ఆగండి" అంటున్నారు. నెలనెలా వాయిదా మాత్రం ఆగదు కదండీ, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జీవో వచ్చేది గవర్నర్ పేరు మీద, మంత్రి పేరు మీద కాదు. మరి మంత్రి మారితే అది ఎలా ఆగుతుంది? 1978లో మోతీలాల్ పదంపత్ షుగర్ మిల్స్ కేసులో, అమ్మకం పన్ను మినహాయింపు ఇస్తామన్న మాటను నమ్మి ఫ్యాక్టరీ పెట్టినవాళ్లకి ఆ మాట నిలబెట్టుకోవాల్సిందేనని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వానికి సుప్రీంకోర్టు చెప్పింది. అది మాలాంటి చిన్నవాళ్లకీ వర్తిస్తుందా? మంజూరు కాగితం ఒక్కటి సరిపోతుందా, నిధుల విడుదల ఉత్తర్వు కూడా ఉండాలా? ముందు ఆర్టీఐ వేయాలా, లేక నేరుగా హైకోర్టులో రిట్ వేయడం మంచిదా? ఇలాంటిది దాటి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఏం చేశారో కాస్త వివరంగా రాయండి, ప్లీజ్.