ఉగాది పనులు: బుధవారం లోపు ఎవరి పేరు వాళ్లు రాయండి
(ఆస్ట్రేలియాలో ఉన్న మన తెలుగువాళ్ల గ్రూపు. ఇక్కడ ఎవరికి వాళ్లు సొంత ఊరి పేరే పెట్టుకున్నాం.)

గుడివాడ (సోమవారం ఉదయం)
హాలు వాళ్లు మిగతా డబ్బు శుక్రవారానికల్లా కట్టమంటున్నారు. ఇంకా పన్నెండు రోజులే ఉంది కాబట్టి పేర్లు కావాలి. హాలు తాళాలు తీసుకోవడం, కుర్చీలు, మైకులు, ఉగాది పచ్చడి, పిల్లల పాటలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించడం, పార్కింగ్ దగ్గర ఇద్దరు, సావనీర్ పంచడానికి నలుగురు. ఎల్‌ఈడీ తెర వాళ్లతో నేను మాట్లాడుతున్నాను, 600 ఆస్ట్రేలియా డాలర్లు అంటున్నారు.

మంగళగిరి
పచ్చడి, పులిహోర ఎప్పటిలాగే నేను చూసుకుంటా. పొద్దున అయిదింటికి మా ఇంటికి ముగ్గురు రావాలి. మామిడికాయలు చెక్కు తీయడానికి చేతులు కావాలి, సలహాలు ఇచ్చేవాళ్లు వద్దు.

పటమట (సోమవారం రాత్రి, విజయవాడ నుంచి)
జాబితా మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. ఇప్పుడు ప్రెస్సులోనే ఉన్నాను. సావనీర్ రెండు కలర్ ఫారాలు, అంటే 32 పేజీలు, 200 కాపీలూ అచ్చయిపోయాయి. ఇందాక ఆరబెట్టిన షీట్లు చేతిలోకి తీసుకుని చూస్తే ఫొటోలు సాగిపోయి ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను, 26 ఫొటోలు. బైండింగ్ ఆపించాను. నలుపు తెలుపు ఫారాలు బాగానే ఉన్నాయి.

ఈ రెండు ఫారాలూ మళ్లీ వేయాలంటే ప్లేట్లు, ఆర్ట్ పేపరు, మెషిన్ కలిపి 28,000 రూపాయలు అవుతుందన్నారు. రేపు మధ్యాహ్నం లోపు సరే అంటేనే బుధవారం మెషిన్ ఇస్తారట, లేకపోతే పెళ్లి కార్డుల పని ఎక్కించేస్తారు. గురువారం రాత్రి అమ్మా నేనూ బయల్దేరాలి. తప్పు నాదే, ప్రెస్సు వాళ్లది కాదు. నేనిచ్చిన ఫైల్ ఇచ్చినట్టే వేశారు.

గుడివాడ
28,000 అంటే దాదాపు 500 డాలర్లు. హాలు డబ్బు కట్టి, తెర డబ్బు పక్కన పెట్టాక బ్యాంకులో మిగిలేది 210. నాకు అర్థం కానిది ఒక్కటే తమ్ముడూ, ప్రూఫ్ చూడలేదా?

పటమట
చూశానన్నా. రాత్రి పదకొండింటికి స్క్రీన్ మీద, పేజీ మొత్తం ఒకేసారి కనిపించేలా పెట్టుకుని చూశాను. ఒక్కో ఫొటో ఏ ఎనిమిది శాతమో, పది శాతమో అడ్డంగా సాగింది. ఆ సైజులో కంటికి ఆనలేదు. కాగితం మీదకి వచ్చాక తెలిసిపోతోంది.

తెనాలి
నాన్న పేజీ కూడానా?

పటమట
అవునక్కా.

తెనాలి
ఎలా ఉంది? ఫొటో తీసి పెట్టు.

పటమట
పెట్టాను. నాన్నగారి కళ్లద్దాలు గుండ్రంగా ఉండాల్సినవి కోడిగుడ్డును పడుకోబెట్టినట్టు ఉన్నాయి. మెడ పొట్టిదైపోయింది.

తెనాలి
ఇది మా నాన్న కాదు. జనవరిలో పంపాను నీకు ఈ ఫొటో. స్టూడియోలో తీయించుకున్నది ఇదొక్కటే ఉంది ఆయనకి. అమ్మ ఆ రోజు హాల్లో ముందు వరసలో కూర్చుంటుంది, పుస్తకం చేతికి రాగానే తెరిచేది ఆ పేజీనే. నీకు రాకపోతే రాదని చెప్పాల్సింది, డబ్బులిచ్చి చేయించేదాన్ని.

బ్రాడీపేట
నేను శనివారమే మెసేజ్ పెట్టాను, ఫొటో సైజు మార్చేటప్పుడు కీబోర్డులో షిఫ్ట్ పట్టుకుని లాగరా అని. మా రోజుల నుంచి అది అక్షరాభ్యాసం లాంటిది. షిఫ్ట్ పట్టుకుంటే ఫొటో ఎందుకు సాగుతుంది?

పటమట
బాబాయ్ గారూ, మీ మాట విన్నాకే సగం ఫొటోలు సాగాయి. కోపంతో అనడం లేదు, జరిగింది రాస్తాను.

అడోబ్ వాళ్ల ఫొటోషాప్‌లో 2018 అక్టోబరులో సీసీ 2019 వెర్షన్ వచ్చింది. అప్పటిదాకా మూల పట్టుకుని లాగేటప్పుడు ఎత్తూ వెడల్పూ కలిసి మారాలంటే షిఫ్ట్ పట్టుకోవాల్సి వచ్చేది. ఆ వెర్షన్ నుంచి షిఫ్ట్ లేకుండానే కలిసి మారుతున్నాయి. ఇప్పుడు షిఫ్ట్ పట్టుకుంటే కట్టు విడిపోయి ఎటు లాగితే అటు సాగుతుంది. నేను నేర్చుకున్నదే ఆ కొత్త పద్ధతి మీద. బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్ కూడా అదే కంపెనీది, దాంట్లో మాత్రం పాత పద్ధతే ఉంచారు, షిఫ్ట్ పట్టుకోకపోతే సాగుతుంది. పేజీలు కట్టే ఇండిజైన్ కూడా వాళ్లదే, దాంట్లో వట్టి మూల లాగితే చట్రం ఒక్కటే మారుతుంది, లోపల ఫొటో కదలదు. రెండూ కలిసి మారాలంటే కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకోవాలి.

శుక్రవారం ఇక్కడ ఇలస్ట్రేటర్‌లో దాతల ప్రకటనలు చేశాను. నా అలవాటు ప్రకారం షిఫ్ట్ లేకుండా లాగాను, 12 ఫొటోలు పోయాయి. శనివారం మీ మెసేజ్ చూసి, పెద్దవాళ్లు చెప్పారు కదా అని, కుటుంబాల పేజీల ఫొటోలు ఫొటోషాప్‌లో షిఫ్ట్ పట్టుకుని సరిచేశాను. అక్కడ 14 పోయాయి. తెనాలి అక్క వాళ్ల నాన్నగారి ఫొటో ఆ రెండో గుంపులోది.

గుడివాడ
ఇప్పుడు తప్పంతా కీబోర్డు మీదకి నెట్టేస్తే 500 డాలర్లు వస్తాయా? తప్పు నాదే అని రాసిన గంటకి బాబాయ్ గారి మీద పెట్టావు.

పటమట
ఎవరి మీదా పెట్టడం లేదన్నా. రేపు మళ్లీ చేసేటప్పుడు ఇదే తప్పు చేయకూడదు కాబట్టి ఎక్కడ పోయిందో కనుక్కున్నాను. డబ్బు నేను పెట్టుకుంటాను. రేపు పొద్దున్నే కట్టేస్తా.

మంగళగిరి
ఆగండి అందరూ. సొంత డబ్బు పెట్టుకోవడం ఏమిటి? సెలవు పెట్టుకుని ఊరెళ్లినవాడు నాలుగు రోజులుగా ప్రెస్సులో కూర్చున్నాడు. మనలో ఎవరైనా ఒక్క పేజీ చేశామా? ఇంకాసేపు ఎవరూ ఏమీ రాయకండి.

బ్రాడీపేట (మంగళవారం ఉదయం)
రాత్రి నా సిస్టమ్ తెరిచి చూశాను. నా దగ్గర ఉన్నది సీఎస్6, ఫొటోషాప్ పాత వెర్షన్. అందులో నేను చెప్పిందే కరెక్టు. తర్వాత మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో కొత్త ఫొటోషాప్ తెరిచి షిఫ్ట్ పట్టుకుని లాగాను. సాగింది. వాడు చెప్పింది నిజం. ఏ వెర్షన్ అని అడగకుండా సలహా ఇచ్చాను, అది నా పొరపాటు.

గుంటూరులో డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కట్టే పని, చేసిన రోజుల్లో కూడా ఈ బాధ ఉండేది. అను అనే తెలుగు ఫాంట్లతో మ్యాటర్ పేజ్‌మేకర్‌లో, బొమ్మలు కోరెల్‌లో. పేజ్‌మేకర్‌లో కంట్రోల్ డీ అంటే ఫైల్ తెచ్చి పెట్టడం, కోరెల్‌లో అదే డూప్లికేట్. ఇండిజైన్‌లో పేజ్‌మేకర్ అర్థమే ఉంచారు. ఇలస్ట్రేటర్‌లో అది కిందటి కదలికను మళ్లీ చేస్తుంది, ఫొటోషాప్‌లో సెలెక్షన్ తీసేస్తుంది. కోరెల్‌లో అక్షరాల్ని కర్వ్స్, అంటే గీతల బొమ్మలుగా, చేయడానికి కంట్రోల్ క్యూ నొక్కుతాం. ఆ చెయ్యే ఇలస్ట్రేటర్‌లో నొక్కితే ప్రోగ్రామ్ మూసుకుపోతుంది, అక్కడ దానికి కంట్రోల్ షిఫ్ట్ ఓ. వేరే వేరే కంపెనీలవి కాబట్టి అప్పుడు సర్దుకున్నాం. ఒకే ఇంటి అన్నదమ్ములు ఒకరు కుడి అంటే ఇంకొకరు ఎడమ అంటే పనిచేసేవాడికి ఎంత కష్టం!

తమ్ముడూ, ఇవాళ చేతిని నమ్మకు. మూల పట్టుకుని లాగనే లాగకు. వెడల్పు, ఎత్తు శాతాల గళ్లలో అంకె టైపు చెయ్యి, రెండింట్లో ఒకే అంకె ఉందో లేదో చూసుకో. ప్రతి పేజీ అంచున, కటింగ్‌లో పోయే చోట, ఒక గుండ్రటి చుక్క పెట్టి ఫొటోతో పాటే గ్రూప్ చెయ్యి. సైజు మార్చాక చుక్క గుండ్రంగా లేకపోతే అక్కడే ఆగు.

పటమట
అలాగే బాబాయ్ గారూ. ఫొటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో పాత పద్ధతికి మార్చుకునే టిక్కు ఒకటి ఉంది, యూజ్ లెగసీ ఫ్రీ ట్రాన్స్‌ఫామ్ అని. రాత్రి పెట్టబోయి మానేశాను. ఆ సిస్టమ్ మీద రోజూ కూర్చునేది ఇక్కడి ఆపరేటర్. నేను మార్చి వెళ్లిపోతే రేపు అతని చేతిలో ఎవరి ఫొటో సాగుతుందో.

గుడివాడ
తమ్ముడూ, రాత్రి ఎక్కువ మాట్లాడాను. హాలు డబ్బు టెన్షన్‌లో ఉన్నాను. డబ్బు సంగతి ఒకటి చెప్తా, ఎల్‌ఈడీ తెరకి ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదు. అది వద్దనుకుంటే ఆ 600తో ఇది గట్టెక్కుతుంది. కానీ పిల్లల డాన్సుల వెనక ఏం పెడతాం?

మంగళగిరి
చీరలు కడదాం. నా దగ్గర మంగళగిరి పట్టుచీరలు పది ఉన్నాయి. తలా రెండు కలంకారీ దుప్పట్లు తెస్తే స్టేజి నిండిపోతుంది. తెర మీద తిరిగే పూల బొమ్మల కన్నా ఇవే బాగుంటాయి, నన్ను నమ్మండి. మామిడికాయల సంగతి తర్వాత, ముందు చీరలు కట్టడానికి నిచ్చెన ఎవరి దగ్గరుంది?

బ్రాడీపేట
నా దగ్గర ఉంది. తాడు, క్లిప్పులు కూడా తెస్తా.

గుడివాడ
సరే, తెర వాళ్లకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. తమ్ముడూ, ప్రెస్సుకి సరే అని చెప్పు, డబ్బు ఇవాళే పంపిస్తా. నీ జేబులోంచి రూపాయి తీయొద్దు.

పటమట (మంగళవారం రాత్రి)
26 ఫొటోలూ మీరు పంపిన అసలు ఫైళ్ల నుంచి మళ్లీ పెట్టాను. సాగినవాటిని సరిచేయలేదు, తీసేసి కొత్తగా పెట్టాను. ఈసారి రంగుల్లో కాగితం ప్రూఫ్ తీయించి, అసలు ఫొటోల పక్కన పెట్టి స్కేలుతో కొలిచాను. కనుబొమ్మ నుంచి గడ్డం దాకా ఎంత, చెవి నుంచి చెవికి ఎంత అని. ఆపరేటర్ కూడా పని ముగించుకుని నాతో పాటు రెండు గంటలు కూర్చున్నాడు. ఒక పేజీలో చుక్క కాస్త అండాకారంలో కనిపిస్తే అది మళ్లీ చేశాం.

తెనాలి అక్కా, నాన్నగారి పేజీ ఫొటో తీసి పెడుతున్నాను. మీరు చూసి చెప్పాకే ప్లేట్లకి పంపిస్తా. మీకు అర్ధరాత్రి దాటిందని తెలుసు.

తెనాలి
మేలుకునే ఉన్నాను.

అద్దాలు గుండ్రంగా ఉన్నాయి. ఎడమ చెవి పక్కన చిన్న నొక్కు ఉండేది ఆయనకి, అదీ కనిపిస్తోంది. అమ్మని లేపి చూపించాను. ఫోన్ తిరిగివ్వడం లేదు.

వేయించెయ్ తమ్ముడూ. నిన్న నేనన్న మాటలు మనసులో పెట్టుకోకు.

పటమట
లేదక్కా. ప్లేట్లకి పంపించాను. బుధవారం అచ్చు, గురువారం పొద్దున బైండింగ్. రెండు పెట్టెల్లో మొత్తం 40 కిలోలు వస్తాయని ప్రెస్సులో తూచి చెప్పారు. అమ్మ తన పచ్చళ్ల పెట్టె ఇంట్లో వదిలేసి వస్తానంది.

బ్రాడీపేట
ఎయిర్‌పోర్టుకి వ్యాన్ నేను తెస్తా. నిచ్చెన అందులోనే ఉంటుంది, అటు నుంచి అటే మంగళగిరి వాళ్ల ఇంటికి వెళ్లి చీరలు ఎక్కించుకుందాం.