‘కాక్నీస్ వర్సెస్ జాంబీస్’కి బడ్జెట్ చూసి మార్కులు వేయాలా?

చివరి_వరుస:
శనివారం రాత్రి మా రూమ్‌లో ఐదుగురం కూర్చుని ‘కాక్నీస్ వర్సెస్ జాంబీస్’ చూశాం. 2012 నాటి చిన్న బడ్జెట్ బ్రిటిష్ సినిమా, దర్శకుడు మథియాస్ హోనె. కాక్నీలంటే తూర్పు లండన్ పాతకాపులు. తూర్పు లండన్‌లో ఓ తాత ఉంటున్న వృద్ధాశ్రమాన్ని కూలగొట్టబోతారు. దాన్ని నిలబెట్టడానికి ఇద్దరు మనవళ్లు బ్యాంకు దోపిడీకి బయల్దేరతారు. సరిగ్గా అప్పుడే ఓ బిల్డింగ్ పనిలో ఎప్పుడో మూసేసిన పాత సమాధి తెరుచుకుంటుంది, శవాలు లేస్తాయి. మాలో ఇద్దరు పడీపడీ నవ్వారు. ఇద్దరు మధ్యలో లేచి బిర్యానీకి వెళ్లిపోయారు.

బయట కూడా ఇదే తగాదా. ‘ఆ డబ్బుకి అంత తీయడమే గొప్ప’ అని కొందరు, ‘షాన్ ఆఫ్ ద డెడ్ అనే పాత బ్రిటిష్ జాంబీ కామెడీకి జిరాక్స్ కాపీ’ అని కొందరు. నాకు సినిమా నచ్చింది, కానీ ‘ఆ డబ్బుకి’ అన్న మాట మాత్రం అస్సలు నచ్చదు. పేదింటి పిల్లాడని జాలిపడి పాస్ చేసినట్టుంటుంది. బాగుంటే బాగుందనండి, లేకపోతే లేదనండి. మీరేమంటారు?

రాత్రి_ఆట:
జిరాక్స్ అన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ‘షాన్ ఆఫ్ ద డెడ్’ కూడా పెద్ద బడ్జెట్ సినిమా కాదు బ్రో. 2004లో సుమారు 40 లక్షల పౌండ్లతో తీశారు. అందులో హీరో పొద్దున్నే మూలమీద కొట్టుకి వెళ్లొచ్చే సీన్ రెండుసార్లు వస్తుంది. మొదటిసారి అంతా మామూలే. రెండోసారి వీధి నిండా జాంబీలు, కొట్లో రక్తం మీద కాలు జారుతుంది, అయినా నిద్రమత్తులో వాడు గమనించడు. అది డబ్బుతో వచ్చే సీన్ కాదు, ముందే కూర్చుని ఆలోచించి రాసుకుంటే వచ్చేది. ఇక్కడ బ్యాంకు గ్యాంగ్ చూడండి, అరుపులు తప్ప ఏముంది? అన్నదమ్ముల్లో ఎవరికేమైనా నాకు పట్టలేదు. తుపాకీ పేలినప్పుడు ఎగిరే రక్తం కొన్నిచోట్ల పైనుంచి అతికించినట్టే ఉంది. చివరి_వరుస చెప్పినదానికే వస్తాను: బడ్జెట్ పక్కన పెడితే ఇది సగటు సినిమా.

ఈస్ట్‌హామ్_నుంచి:
ఆరేళ్లుగా ఇక్కడే, తూర్పు లండన్‌లో ఉంటున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

బో చర్చి గంటలు వినిపించేంత దూరంలో పుట్టినవాడే కాక్నీ అని ఇక్కడి పాత మాట. ఆ జనం చాలామంది ఈ పేటలు వదిలి పక్కనున్న ఎసెక్స్ జిల్లా వైపు ఎప్పుడో వెళ్లిపోయారు. మిగిలింది ఎక్కువగా ముసలివాళ్లే. ఈ పక్కనే స్ట్రాట్‌ఫర్డ్‌లో ఒలింపిక్స్ ముగిసిన నెలలోనే, 2012 ఆగస్టు 31న, ఈ సినిమా ఇక్కడి థియేటర్లకొచ్చింది. చుట్టూ క్రేన్లు, కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్న కాలం. అందుకే వృద్ధాశ్రమం కూలగొట్టడం ఇక్కడివాళ్లకి వట్టి కథలా అనిపించదు.

ఇంకో సీన్. వెస్ట్‌హామ్, మిల్‌వాల్ ఫుట్‌బాల్ క్లబ్బుల అభిమానులు జాంబీలయ్యాక కూడా ఒకర్నొకరు కొట్టుకుంటూనే ఉంటారు. మన తెలుగు పిల్లలు సరుకులకి వెళ్లే గ్రీన్ స్ట్రీట్ పక్కనే 2016 దాకా వెస్ట్‌హామ్ మైదానం ఉండేది. 2009 ఆగస్టులో ఈ రెండు జట్ల మ్యాచ్ రోజు అక్కడ పెద్ద గొడవే జరిగింది. ఆ పగ తెలిసినవాళ్లకి అది పొట్ట చెక్కలయ్యే జోకు. మీ రూమ్‌లో ఎవరూ నవ్వి ఉండరు.

భాష సంగతీ అంతే. కాక్నీలో మెట్లని ‘స్టెయిర్స్’ అనరు, దానికి ప్రాస కలిసే ‘యాపిల్స్ అండ్ పేర్స్’ అంటారు. ఆ తర్వాత ప్రాస కలిసిన ముక్క కూడా వదిలేసి ఉత్త ‘యాపిల్స్’ అంటారు. సినిమాలో తాత జాంబీలకి కూడా ఇలాగే ఓ పేరు పెట్టి, అది ఎలా వచ్చిందో గొలుసులా చెప్పుకుంటూ పోతాడు. సబ్‌టైటిల్‌లో అది చచ్చిపోతుంది.

రాత్రి_ఆట:
అన్నా, మీరు చెప్పాక ఆ ఫుట్‌బాల్ ముక్క బాగుందనిపించింది. కానీ ఊరి చరిత్ర చదువుకొచ్చి కూర్చుంటేనే నవ్వొచ్చే సినిమా బయటివాళ్లకి ఎందుకు నచ్చాలి?

కందనవోలు:
2021లో ‘జాంబీ రెడ్డి’ వచ్చినప్పుడు మనం నవ్వింది దేనికి? కర్నూలు ఫ్యాక్షన్ మధ్యలోకి జాంబీలు దిగారని. వేటకొడవలి అంటే ఏంటో తెలియనివాడికి అందులో సగం అందదు. అందలేదని సినిమాది తప్పంటే మనం ఒప్పుకుంటామా? ఒప్పుకోం కదా. అదే న్యాయం లండన్‌వాళ్లకీ ఉండాలి.

మల్లెపందిరి:
మీ అందరి మాటలూ చదివాక మా నాయనమ్మ సంగతి చెప్పాలనిపించింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక ఆవిడ వాకర్ పట్టుకుని హాల్లోనే తిరుగుతోంది. ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు. నేను చూస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది. అప్పుడే ఆ సీన్ వచ్చింది. రిచర్డ్ బ్రయర్స్ చేసిన ముసలాయన ఆశ్రమం తోటలో ఒంటరిగా కునుకు తీస్తుంటాడు. లేచి చూస్తే వెనక జాంబీ. పరిగెత్తలేడు, వాకర్ పట్టుకుని బయల్దేరతాడు. జాంబీ కూడా అంతే నెమ్మది. ఒకటే వేగం, ఇద్దరి మధ్యా ఒకటే దూరం. లోపలున్నవాళ్లు కంగారుపడిపోతుంటే ఈయన మాత్రం వాకర్ ఎత్తి పెట్టి, అడుగేసి, మళ్లీ ఎత్తి పెట్టి... నాయనమ్మ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత ‘రబ్బరు బుడిపె అరిగిపోయిందేమో, చూసుకోమను’ అంది ఆయన గురించి. ఆవిడ వాకర్‌కి నిజంగానే ఒక బుడిపె అరిగింది, మర్నాడు మార్పించాను.

ఆ సీన్‌కి చరిత్రా అక్కర్లేదు, భాషా అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు.

రాత్రి_ఆట:
ముసలివాళ్ల అవస్థ చూసి నవ్వించడం మీకు ఇబ్బందిగా లేదా అండీ? నాకు అదొకటి గుచ్చుకుంది.

మల్లెపందిరి:
లేదండీ. ఆయన భయపడి కుప్పకూలితే ఇబ్బందిగా ఉండేది. తన పద్ధతిలో తాను బతికి బయటపడతాడు. ఆ తర్వాత ఆ ముసలివాళ్లే తుపాకులు పట్టుకుంటారు. 1964లో జేమ్స్ బాండ్ సినిమా ‘గోల్డ్‌ఫింగర్’లో చేసిన నటి ఆనర్ బ్లాక్‌మన్ ఎనభై దాటిన వయసులో ఇందులో జాంబీల మీదికి కాల్పులు జరుపుతుంది. ఆ వయసువాళ్లకి అలాంటి పని ఇచ్చే సినిమాలు ఎన్నున్నాయి చెప్పండి?

చివరి_వరుస:
నేను చెప్పలేకపోయింది మీరు చెప్పారండీ. ఒక్కటి కలుపుతాను. 2002లో ‘28 డేస్ లేటర్’లో రోగం సోకినవాళ్లు పరిగెత్తడం మొదలెట్టాక నెమ్మదిగా నడిచే జాంబీల పని అయిపోయిందనుకున్నారు. ‘షాన్’ హీరో సైమన్ పెగ్ 2008లో గార్డియన్ పత్రికలో, జాంబీలు పరిగెత్తకూడదని ఏకంగా వ్యాసమే రాశాడు. ఆ మాట ఎంత నిజమో వాకర్ సీన్‌లో తెలుస్తుంది. జాంబీ పరిగెత్తితే ఆ సీనే లేదు. ఈ సినిమా గెలిచేది ముసలివాళ్ల దగ్గర. కుర్రాళ్ల దగ్గర నీరసపడుతుంది, అక్కడ రాత్రి_ఆటతో నాకు పేచీ లేదు. రెండూ రాతలోంచి వచ్చినవే, బడ్జెట్‌లోంచి కాదు.

రాత్రి_ఆట:
వాకర్ సీన్ ఒప్పుకున్నాను. బ్యాంకు సీన్ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఈస్ట్‌హామ్ అన్నా, ఆ జాంబీల పేరు గొలుసు మొత్తం ఇక్కడ తెలుగులో రాసి పెట్టండి. ఆదివారం మా అమ్మానాన్నలతో మళ్లీ చూస్తాను, వాళ్లకి నేనే చెప్పాలి.