అప్‌డేట్: ఎకానమీ టికెట్, గోల్డ్ కార్డు, ఫ్రాంక్‌ఫర్ట్ లాంజ్

హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అమెరికా వెళ్తున్నాం, ఇద్దరివీ ఎకానమీ టికెట్లే, నా ఎయిరిండియా మహారాజా క్లబ్ (తరచూ ప్రయాణించేవాళ్ళకిచ్చే సభ్యత్వం) గోల్డ్ కార్డు మీద అమ్మని కూడా ఎయిర్‌పోర్టు లాంజ్‌లోకి రానిస్తారా అని అడిగాను కదా. రానిచ్చారు! మహారాజా క్లబ్ గోల్డ్ ఉంటే స్టార్ అలయన్స్ (ఎయిరిండియా, లుఫ్తాన్సా, యునైటెడ్ లాంటి ఎయిర్‌లైన్ల కూటమి) గోల్డ్ కూడా ఉన్నట్టే, దాని మీద అదే ఫ్లైట్‌లో వచ్చే ఒక్క గెస్ట్ ఉచితం. బోర్డింగ్ పాస్ మీద గోల్డ్ అని పడిందో లేదో చూసుకోండి, పడకపోతే యాప్‌లో కార్డు చూపించాలి.

అసలు తమాషా ఏంటంటే, లుఫ్తాన్సా వాళ్ళ సెనేటర్ లాంజ్‌కి మనల్ని పంపుతారు. బిజినెస్ క్లాస్ టికెట్ కొని గోల్డ్ లేనివాళ్ళు దానికంటే ఒక మెట్టు కిందిదైన బిజినెస్ లాంజ్‌తో సరిపెట్టుకోవాలి. లోపలికి వెళ్ళగానే రిసెప్షన్‌లో షవర్ అడిగి పేరు రాయించుకోండి. తెల్లారుజామున దిగిన జనమంతా దానికే ఎగబడతారు. టవల్, సబ్బు వాళ్ళే ఇస్తారు. స్నానం చేసి చీర మార్చుకుని వచ్చాక గానీ అమ్మ మొహంలో కళ రాలేదు. తిండి మాత్రం శాకాహారులకి అంతంతమాత్రమే: బ్రెడ్డు, చీజ్, పెరుగు, పళ్ళు. కాఫీ బాగుంది, అమ్మ మాత్రం "చేదు" అని పక్కన పెట్టేసింది.

కామెంట్లలో అమెరికా ఎయిర్‌లైన్ యునైటెడ్ వాళ్ళ గోల్డ్ కార్డు గురించి అడిగినవాళ్ళకి: అమెరికా లోపలి ప్రయాణాలకే అయితే ఆ కార్డుతో లాంజ్ రాదు. వేరే స్టార్ అలయన్స్ ఎయిర్‌లైన్ గోల్డ్ అయితే యునైటెడ్ క్లబ్‌లోకి (యునైటెడ్ వాళ్ళ లాంజ్) వెళ్ళొచ్చు.