అంబులెన్సుకి ఫోన్ చేస్తే నిజంగా ఎంతసేపట్లో వస్తోంది? హైదరాబాద్ వాళ్ళు మీ అనుభవాలు చెప్పండి

ఉప్పల్_రాజు
పోయిన నెల తెల్లవారుజామున నాలుగింటికి మా నాన్నకి మూతి ఒక పక్కకి పోయింది, ఎడమ చెయ్యి లేవలేదు. పక్షవాతం అని అమ్మకే ముందు అర్థమైంది. అంబులెన్సుకి ఫోన్ చేశాను, రెండో రింగుకే ఎత్తారు, మర్యాదగానే మాట్లాడారు, కానీ దగ్గర్లో ఉన్న బండి వేరే కేసులో ఉందట, ఇంకో ఏరియా నుంచి రావాలన్నారు. పది నిమిషాలు చూసి ఇక ఆగలేక పక్కింటివాళ్ళ కారులో తీసుకెళ్ళాం. సగం దారిలో ఉండగా బండి మీ గేటు దగ్గరికి వచ్చింది సార్ అని ఫోన్! నాన్న ఇప్పుడు ఫర్వాలేదు, కర్ర పట్టుకుని నడుస్తున్నారు. నాకు ఎవరి మీదా కోపం లేదు, అర్థం కావాలి అంతే. కొత్త బళ్ళకి జెండా ఊపిన ఫోటోలు పేపర్లో చూస్తూనే ఉన్నాం కదా, మరి ఆ బళ్ళన్నీ ఎక్కడుంటున్నాయి? లోపల పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

లెక్కల_మాస్టారు
బళ్ళ సంగతి నేను చెబుతా. 2023 ఆగస్టు 1న నెక్లెస్ రోడ్డులో ఒకేసారి 466 వాహనాలు ప్రారంభించారు, అందులో 108కి 204, గర్భిణుల అమ్మ ఒడి బళ్ళు 228, పార్థివ వాహనాలు 34. ప్రభుత్వం మారాక 2024 డిసెంబరులో మళ్ళీ 213, వాటిలో 136 మాత్రమే 108వి. ఇవన్నీ రాష్ట్రం మొత్తానికి, సిటీకి కాదు. పైగా చాలావరకు పాత బళ్ళు అరిగిపోతే వాటి స్థానంలోకి వెళ్ళేవే, అందుకని ఫోటోలో కనిపించినన్ని బళ్ళు అదనంగా వచ్చినట్టు కాదు. కేంద్రం లెక్క ప్రకారం లక్ష మందికి ఒక మామూలు అంబులెన్సు, ఐదు లక్షలకి ఒక అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ బండి (వెంటిలేటర్ లాంటివి ఉండేది) ఉండాలి. సిటీ జనాభా కోటి అనుకుంటే వంద ప్లస్ ఇరవై. కాగితం మీద ఇది పెద్ద కష్టమైన లెక్క కాదు. అసలు చిక్కు వేరే ఉందని నా అనుమానం.

రాత్రిడ్యూటీ_ఈఎంటీ
మాస్టారి అనుమానం కరెక్టే. నేను అంబులెన్సులో ఈఎంటీని, అంటే దారిలో పేషెంటుని చూసుకునే టెక్నీషియన్ని. ఎక్కడ, ఎవరి దగ్గర అన్నది అడక్కండి, ఉద్యోగం కావాలి నాకు.

రాజు గారూ, మీకు బండి రాకపోవడానికి ఎక్కువ అవకాశం ఏంటంటే అది ఏదో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీ ముందు ఆగి ఉండటం. బయటివాళ్ళు ట్రాఫిక్కే మా శత్రువు అనుకుంటారు. తెల్లవారుజామున నాలుగింటికి ట్రాఫిక్ ఎక్కడిది? పేషెంటుని తీసుకెళ్తాం, లోపల మంచం ఉండదు, ట్రాలీ ఉండదు. అప్పుడు పేషెంటు మా స్ట్రెచర్ మీదే ఉంటాడు. ఆ స్ట్రెచర్ లేకుండా మేం బయటికి రాలేం, వచ్చినా ఇంకో పేషెంటుని ఎక్కించుకోలేం. కాల్ సెంటర్ స్క్రీన్ మీద మా బండి కేసులో ఉన్నట్టే కనిపిస్తుంది, నిజానికి మేం గోడకి ఆనుకుని నిలబడి ఉంటాం. మంచి రోజు పావుగంటలో వదిలేస్తారు, చెడ్డ రోజు గంట. పన్నెండు గంటల షిఫ్టులో ఆరు కేసులు అనుకోండి, ఒక్కో కేసుకి ముప్పావుగంట అలా పోతే నాలుగున్నర గంటలు గాల్లో కలిసినట్టే. బండి ఉంది, డీజిల్ ఉంది, మేం ఉన్నాం, కానీ మీకు లేము.

రెండోది షిఫ్టింగ్ కేసులు. నల్గొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో గాంధీకో ఉస్మానియాకో రిఫర్ చేస్తారు, అక్కడి బండి సిటీకి వచ్చి, దింపి, మళ్ళీ వెనక్కి వెళ్ళేసరికి సగం షిఫ్టు అయిపోతుంది. ఈలోపు ఆ మండలంలో ఎవరికి ఏమైనా పక్క మండలం బండే దిక్కు.

బోరబండ_సుజాత
పనికిమాలిన ఫోన్ల గురించి కూడా చెప్పండి అన్నా. మా బంధువు కాల్ సెంటర్లో చేసింది కొన్నాళ్ళు. పిల్లలు ఆడుకుంటూ చేసేవి, తాగి పాటలు పాడేవాళ్ళు, రీఛార్జి ఎలా చెయ్యాలి అని అడిగేవాళ్ళు కూడా ఉండేవాళ్ళట.

కూకట్‌పల్లి_కిరణ్
అదే అసలు రోగం. కడుపులో గ్యాస్ పట్టిందని, జ్వరం అని, మోకాలి నొప్పి అని ఫోన్ చేస్తారు. ఫ్రీ ట్యాక్సీ అయిపోయింది 108. డబ్బులు వసూలు చేస్తే గానీ ఇది ఆగదు.

బోరబండ_సుజాత
కిరణ్ గారూ, నేను చెప్పింది ఆకతాయి ఫోన్ల గురించి, మీరు ఎక్కడికో తీసుకెళ్ళారు. రాత్రి ఒంటిగంటకి మా బస్తీ నుంచి ఆసుపత్రికి ఆటోవాడు ఎంత అడుగుతాడో మీకు తెలుసా? అసలు వస్తే కదా. క్యాబ్ బుక్ చేస్తే పేషెంటుని చూసి క్యాన్సిల్ చేసి పోతారు, సీటు మీద వాంతి చేసుకుంటారని. గ్యాస్ నొప్పో గుండె నొప్పో మా అత్తకి ఎలా తెలుస్తుంది? మాకు ఈసీజీ తీసే డాక్టరు వీధి చివర కూర్చుని లేడు.

రాత్రిడ్యూటీ_ఈఎంటీ
సుజాత గారు చెప్పింది నిజం. గ్యాస్ అనుకుని వెళ్తే గుండెపోటు అయిన కేసులు నేనే చూశాను, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ళలో నొప్పి సరిగ్గా తెలియదు. దయచేసి అనుమానం ఉంటే ఫోన్ చెయ్యండి. నాకు చిరాకు తెప్పించేది గ్యాస్ కేసు కాదు, ముందే తేదీ ఇచ్చిన స్కానింగ్‌కి వెళ్ళాలని చేసేవాళ్ళు. గర్భిణులను చెకప్‌కి తీసుకెళ్ళి మళ్ళీ ఇంటి దగ్గర దింపడానికి 102 అమ్మ ఒడి బళ్ళు వేరే ఉన్నాయి, దానికి చెయ్యండి.

మాజీ_పైలట్
నేను ఆరేళ్ళు అంబులెన్సు నడిపాను. మా దాంట్లో డ్రైవర్ అనరు, పైలట్ అంటారు. పేరు పెద్దది, జీతం కాదు! ఇప్పుడు యాప్‌లో క్యాబ్ నడుపుతున్నాను. చేతికొచ్చేదాంట్లో పెద్ద తేడా ఏమీ లేదు, కాకపోతే ఇప్పుడు నాకు నిద్రొస్తే బండి పక్కన పెట్టి పడుకోవచ్చు, యాక్సిడెంట్లో పోయిన పిల్లవాడి చెప్పులు వెతికి వాళ్ళమ్మకి ఇవ్వాల్సిన పని లేదు.

మానేసింది నేనొక్కడినే కాదు, నాతో ట్రైనింగ్ అయిన బ్యాచ్‌లో ఇంకా బండెక్కుతున్నవాళ్ళు కొద్దిమందే. ఈఎంటీలయితే నర్సింగో ఫార్మసీనో చదివి వస్తారు, కార్పొరేట్ ఆసుపత్రిలో ఖాళీ పడగానే వెళ్ళిపోతారు, లేకపోతే గల్ఫ్. తప్పు పట్టలేం. రిలీవర్ రాకపోతే పన్నెండు గంటలు కాస్తా పద్దెనిమిది అవుతుంది, ఇక బండిని ఖాళీగా నిలబెట్టనివ్వరు. ఇరవై నాలుగు గంటలు లాగి తెల్లారి సైరన్ వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కుతుంటే కళ్ళు మూతలు పడేవి. అలాంటి బండిలో మీ నాన్న గారు ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

లెక్కల_మాస్టారు
పైలట్ తమ్ముడూ, నీ మాట చూశాక లెక్క వేశాను, అందరూ చూడండి. ఒక బండి రోజంతా తిరగాలంటే పన్నెండు గంటల షిఫ్టుల్లో వారానికి 14 షిఫ్టులు, ప్రతి షిఫ్టుకి ఇద్దరు, అంటే 28. మనిషి వారానికి ఆరు రోజులు చేస్తే బండికి దాదాపు ఐదుగురు కావాలి. అదే ఎనిమిది గంటల షిఫ్టు చేస్తే 42, అంటే ఏడుగురు. సెలవులు, జ్వరాలు, పెళ్ళిళ్ళు ఇందులో కలపలేదు. వంద బళ్ళకి సుమారు 470 మంది బదులు 700 మంది. యూనియన్లు ఎన్నేళ్ళుగా ఎనిమిది గంటల డ్యూటీ అడుగుతున్నా ఎందుకు కదలడం లేదో ఈ ఒక్క అంకెలో ఉంది. బండి కొనడం ఒకసారి ఖర్చు, రిబ్బన్ కత్తిరించొచ్చు. ఆ అదనపు 230 మందికి ప్రతి నెలా జీతం, పీఎఫ్ ఇవ్వాలి, దానికి ఫోటో రాదు.

హౌస్‌సర్జన్_పాప
క్యాజువాలిటీ వైపు నుంచి ఒక మాట. ఈఎంటీ అన్న అన్నది నిజమే, మా పెద్దాసుపత్రిలో స్ట్రెచర్లు ఆగిపోతాయి. కానీ మేం కావాలని ఆపుతామా? పైన వార్డులో డిశ్చార్జ్ రాసిన పేషెంటుని తీసుకెళ్ళడానికి ఇంటివాళ్ళు సాయంత్రానికి గానీ రారు, కాబట్టి మంచం ఖాళీ అవ్వదు, కాబట్టి కింద క్యాజువాలిటీలో ఉన్నవాళ్ళు పైకి వెళ్ళరు, కాబట్టి మీరు తెచ్చినవాళ్ళు గుమ్మంలో. ట్రాలీ తోసే మనిషి ఒక్కడు, ఎక్స్‌రేకి వెళ్తే అరగంట కనపడడు. నేను ఒక రాత్రి స్వయంగా ట్రాలీ తోశాను, మా పీజీ డాక్టరు అక్క నవ్వింది, అలవాటైపోతుందిలే అని. ఆ మాటే నాకు భయం వేసింది.

నెల్లూరు_టు_లండన్
నేను లండన్‌లో నర్సుని. ఇదంతా చదువుతుంటే మా కారిడార్ చూస్తున్నట్టే ఉంది. 2022 డిసెంబరులో ఇంగ్లండ్‌లో గుండెపోటు, పక్షవాతం అనుమానం ఉన్న కేటగిరీ 2 కేసులకి అంబులెన్సు చేరడానికి సగటున గంటన్నర దాటింది. లక్ష్యం ఎంతో తెలుసా, 18 నిమిషాలు. అదే నెలలో అంబులెన్సు సిబ్బంది సమ్మె కూడా చేశారు. కారణం మీరు చెప్పిందే, ఆసుపత్రి బయట వరసగా బళ్ళు. 2023లో లండన్ అంబులెన్సు సర్వీసు, 45 నిమిషాలు దాటితే పేషెంటుని ఆసుపత్రి సిబ్బందికి అప్పగించి మా వాళ్ళు వెళ్ళిపోతారు అని తేల్చి చెప్పింది. మాకు మొదట్లో ఒళ్ళు మండింది, గుమ్మంలో వదిలేసి పోతారా అని. కానీ ఎక్కడో ఇంట్లో కింద పడి ఎదురుచూస్తున్న మనిషి మాకు కనపడడు కదా, వాళ్ళకి కనపడతాడు.

మాజీ_పైలట్
అక్కా, మన దగ్గర స్ట్రెచర్ వదిలి వస్తే మా జీతంలోంచి కోస్తారు.

చాదర్‌ఘాట్_తాతయ్య
ఇంత తిట్టుకుంటున్నారు కానీ అంతకుముందు ఎలా ఉండేదో మీలో చాలామందికి తెలియదు. రోడ్డు మీద దెబ్బ తగిలితే ఆటోలో వేసుకుపోవడం, పోలీసు కేసని ఎవరూ ముట్టుకోకపోవడం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైతే మేం నమ్మలేదు, డబ్బుల్లేకుండా ఎవడొస్తాడు అని. సత్యం రామలింగరాజు పెట్టిన సంస్థ అది, 2009లో ఆయన కంపెనీ కూలాక జీవీకే వాళ్ళు తీసుకున్నారు. వైఎస్ హయాంలో ఊరూరికీ వెళ్ళింది. దేశంలో చాలా రాష్ట్రాలు మనల్ని చూసే పెట్టుకున్నాయి. ఇక పోలీసు కేసు భయం ఇప్పుడు అక్కర్లేదు, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు, సాయం చేసినవాడిని ఎవరూ వేధించకూడదు. అంబులెన్సుకి దారి ఇవ్వకపోతే పదివేల జరిమానా కూడా అప్పుడే వచ్చింది, కట్టినవాడిని మాత్రం నేను చూడలేదు.

కూకట్‌పల్లి_కిరణ్
సుజాత గారూ, మీ మాట ఆలోచించాను. డబ్బులు వసూలు చెయ్యాలన్నది వెనక్కి తీసుకుంటున్నా. 2021 మేలో మా బాబాయికి ఆక్సిజన్ బెడ్ దొరికితే అక్కడికి తీసుకెళ్ళడానికి ఒక ప్రైవేటు అంబులెన్సువాడు ఎనిమిది కిలోమీటర్లకి ఎంత లాగాడో గుర్తొచ్చింది. ఫ్రీగా వచ్చే బండి ఒకటి ఉండాలి, తప్పదు.

రాత్రిడ్యూటీ_ఈఎంటీ
నిమజ్జనం రోజు, డిసెంబరు 31 రాత్రి, ఉప్పల్లో మ్యాచ్ ఉన్న రోజు, పెద్దోళ్ళ సభలు ఉన్న రోజు కొన్ని బళ్ళు అక్కడ స్టాండ్‌బైలో పెడతారు. అవి కూడా మామూలు లెక్కలోంచే పోతాయి. ఆ రోజుల్లో కొంచెం ఆలస్యం ఎక్కువ.

ఇక అందరికీ పనికొచ్చేవి. ఫోన్‌లో ఇంటి నంబర్ కంటే ముందు అందరికీ తెలిసిన గుర్తు చెప్పండి, గుడి, పెట్రోల్ బంకు, వైన్‌షాపు అయినా సరే, సిగ్గుపడకండి. ఒక మనిషిని మెయిన్ రోడ్డు మీదకి పంపండి. గేటెడ్ కమ్యూనిటీ అయితే సెక్యూరిటీకి ముందే ఫోన్ చెయ్యండి, సైరన్ వేసుకుని వెళ్ళిన మమ్మల్ని ఏ ఫ్లాటు, ఎవరిని కలవాలి, సంతకం పెట్టండి అని ఆపినవాళ్ళున్నారు. విజయవాడ హైవే లాంటి జాతీయ రహదారి మీద ఉంటే 1033 కూడా ఉంది. పక్షవాతం అయితే మాత్రం లక్షణం మొదలైన టైము గుర్తుపెట్టుకోండి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే, అదీ సీటీ స్కాన్ ఉన్నచోటే. దారిలో నీళ్ళు తాగించకండి. రాజు గారు కారులో తీసుకెళ్ళడం తప్పు కాదు, కాకపోతే బయల్దేరగానే మళ్ళీ ఫోన్ చేసి బండి వద్దని చెప్పి ఉంటే అది ఇంకొకరికి వెళ్ళేది.

ఉప్పల్_రాజు
అయ్యో, అది నాకు తట్టనే లేదు అన్నా. మీ గేటు దగ్గర ఉన్నాం అన్న ఆ మనిషికి కూడా సారీ చెప్పకుండా పెట్టేశాను. ఇంకో డౌట్, మాది మూడో ఫ్లోరు, లిఫ్టులో స్ట్రెచర్ పట్టదు. మళ్ళీ ఇలాంటిది వస్తే ఎలా దింపాలి?

రాత్రిడ్యూటీ_ఈఎంటీ
ఫోన్‌లోనే చెప్పండి, మూడో ఫ్లోరు, చిన్న లిఫ్టు అని. మేం ఇద్దరమే వస్తాం, ఇంకో ఇద్దరు గట్టి మనుషులు కావాలి. స్పృహలో ఉంటే చేతులున్న కొయ్య కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటితో కట్టి దించుతాం. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, కాళ్ళు విరుగుతాయి, ఒకసారి విరిగింది.

ఉప్పల్_రాజు
సరే, వాచ్‌మన్‌ని, కింద పోర్షన్‌లో ఉండే పీజీ కుర్రాళ్ళని అడిగి పెట్టాను. కొయ్య కుర్చీ మా ఇంట్లో లేదు, రెండో ఫ్లోర్ తాతగారి దగ్గర ఒకటి ఉంది.