రైలుకో క్రియ, వీసాకో క్రియ: మేయర్ 'గళమెత్తారు' అంటే సరిపోతుందా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేం లండన్ పడమటి వైపు హౌన్స్‌లోలో ఉంటాం. మా తెలుగు సంఘం అప్పుడప్పుడూ నాలుగు పేజీల పత్రిక తెస్తుంది. దాన్ని దిద్దే పని నా మెడకు చుట్టారు. ఈసారి లండన్ మేయర్ సాదిక్ ఖాన్ మీద ఒక వ్యాసం వచ్చింది. రైలు ప్రాజెక్టులకు డబ్బు ఇవ్వడం లేదని, వలస విధానం లండన్ అవసరాలకు తగ్గట్టు లేదని ఆయన చాలాకాలంగా చెబుతున్న మాటల గురించి. శీర్షిక 'రైలు నిధులు, వలస విధానంపై గళమెత్తిన మేయర్'. లోపల కూడా పేరాకోసారి గళమెత్తుతూనే ఉన్నారు. మా ఆవిడ చదివి "ఈయన కచేరీలు కూడా చేస్తాడా?" అంది. 'గళం విప్పారు' అని మారిస్తే సరిపోతుందా? రెండూ ఒకటేనా? పెద్దలు చెప్పండి.

జవాబు

రెండూ ఒకటి కాదండీ. విప్పడం అంటే అంతకుముందు ముడి ఉన్నట్టు. నిన్నటిదాకా మాట్లాడనివాడు ఇవాళ మాట్లాడితే గళం విప్పాడు, నోరు విప్పాడు, పెదవి విప్పాడు అంటాం. మాట్లాడుతూనే ఉన్నవాడు స్వరం పెంచితే ఎత్తడం. మీ మేయర్ విషయంలో 'విప్పారు' ఒక్క సందర్భానికి చక్కగా అతుకుతుంది. 2023 జనవరిలో మాన్షన్ హౌస్ విందులో ఆయన బ్రెగ్జిట్ వల్ల నగరానికి జరుగుతున్న నష్టం గురించి ఇక ఊరుకోలేనని అన్నారు. ఏ రంగాల్లో మనుషుల కొరత ఉందో ఆ జాబితాను లండన్‌కు విడిగా తయారుచేసుకునే అధికారం ఇమ్మన్నదీ అప్పుడే. ఊరుకున్నవాడు ఇక ఊరుకోనన్నాడు కాబట్టి అక్కడ విప్పారు అనండి. మిగతాచోట్ల వద్దు.

నేను పత్రిక డెస్కులో చాలాకాలం పనిచేశాను. రాజకీయ నాయకుడు మాట్లాడాడంటే మా దగ్గర క్రియలు వరసగా సిద్ధంగా ఉండేవి. వాటిలో సగం కళ్లం నుంచీ పెరటి నుంచీ వచ్చినవే. తూర్పారబట్టారు అంటాం. నూర్చిన ధాన్యాన్ని చేటకెత్తి గాలివాటున ఎత్తు నుంచి వదలడం అది. తాలు, పొట్టు గాలికి పోతాయి, గింజ కింద రాలుతుంది. అంటే తూర్పారబట్టిన తర్వాత ఏదో ఒకటి మిగలాలి. ప్రభుత్వ విధానంలో పనికొచ్చేదేదో, పొల్లేదో విడదీసి చూపిస్తేనే ఆ మాటకు న్యాయం. ఊరికే తిట్టినవాడికి తూర్పారబట్టారు అని పెడితే మా పెద్ద సబ్ ఎడిటర్ ఒకాయన "గింజలేవయ్యా?" అని కాపీ వెనక్కి విసిరేవారు. నిప్పులు చెరిగారు అన్నదీ చేట పనే, కాకపోతే బియ్యం బదులు నిప్పులు. ఎండగట్టారు, కడిగేశారు, దులిపేశారు, ఉతికి ఆరేశారు... ఇవన్నీ ఇంటి పనులు. ఏకిపారేశారు అన్నది దూది ఏకేవాళ్ల మాట. సరుకు లేకుండా మాట్లాడేవాడికి ఊకదంపుడు ఉండనే ఉంది. ఇన్ని ఉండగా సంస్కృతం గళాన్ని పట్టుకుని ఎందుకు వేలాడతామో నాకు అర్థం కాదు. బజార్లో ఎవరైనా "మా కౌన్సిలర్ నిన్న గళమెత్తాడు" అనగా విన్నారా?

అసలు సంగతి ఇది. గళమెత్తారు అంటే అరిచాడని తెలుస్తుంది గానీ, ఎవరి ముందు ఏ హోదాలో నిలబడి అరిచాడో తెలియదు. మీ వ్యాసానికి ఆ తేడానే ముఖ్యం.

రైలు సంగతి చూడండి. లండన్ రవాణా సంస్థ టీఎఫ్ఎల్‌కు మేయరే అధ్యక్షుడు. 2022 మే 24న మొదలైన ఎలిజబెత్ లైన్ అనే రైలు మార్గానికి లండన్ వైపు నుంచే పెద్ద వాటా వెళ్లింది. దానికోసం అక్కడి పెద్ద వ్యాపార స్థలాల మీద 2010 నుంచి అదనపు పన్ను వేస్తున్నారు. అంటే ఆయన చెయ్యి చాచి నిలబడ్డవాడు కాదు, సొంత వాటా పెట్టి మిగతాది అడుగుతున్నవాడు. అలాంటివాడు పట్టుబట్టారు, నిలదీశారు అంటే చెల్లుతుంది. అయితే ఖజానా తాళం కేంద్రం దగ్గరే ఉంది. కోవిడ్‌తో టికెట్ల ఆదాయం పడిపోయి టీఎఫ్ఎల్ కేంద్రం ముందు నిలబడాల్సి వచ్చినప్పుడు, 2020 నవంబరు నాటి సాయం ఒప్పందంతోపాటే క్రాస్‌రైల్ 2 అనే మరో కొత్త రైలు మార్గం పని అటకెక్కింది. భూగర్భ రైళ్లలో ఒకటైన బేకర్లూ లైన్‌లో నడుస్తున్నవి ఇప్పటికీ 1972 నమూనా పెట్టెలే. వేసవిలో ఎక్కినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

వీసాల దగ్గరికొచ్చేసరికి మేయర్ చేతిలో చిల్లిగవ్వ లేదు. అది పూర్తిగా హోం ఆఫీసు, అంటే బ్రిటన్ హోం శాఖ వ్యవహారం. నైపుణ్య వీసాకు ఉండాల్సిన కనీస జీతం హద్దు 2024 ఏప్రిల్‌లో 26,200 పౌండ్ల నుంచి 38,700కు, 2025 జులైలో 41,700కు పెరిగితే ఆయన్ను అడిగినవాళ్లు లేరు. విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తెచ్చుకునే దారి అదే జులైలో మూసేసినప్పుడూ అంతే. ఇక్కడ 'నిలదీశారు' పెడితే పాఠకుడికి లేని ఆశ కల్పించినట్టే. మన పిల్లలు చదివి, మేయర్ గట్టిగా పట్టుకున్నాడు కదా, ఏదో మారుతుందని వీసా గడువు పెట్టుకుని కూర్చుంటారు. 'కోరారు' అనండి, 'అడిగారు' అనండి. మరీ మొరపెట్టుకున్నారు అనకండి, అది మొసలి నోట కాలు చిక్కిన గజేంద్రుడు చేసిన పని.

ఇంకో జవాబు

మాస్టారూ, మీరు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మాది విజయనగరం వైపు. మా దగ్గర క్రియను నిర్ణయించేది అధికారం ఒక్కటే కాదండి, పార్టీ కూడా. పై ప్రభుత్వం మనదైతే ఎంపీగారు రైల్వే మంత్రిని 'మర్యాదపూర్వకంగా కలిసి వినతిపత్రం అందజేశారు'. ఫొటోలో శాలువా, చేతిలో ప్రసాదం డబ్బా, మధ్యలో కాగితం, ముగ్గురూ కెమెరా వైపే చూస్తుంటారు. ఆ కాగితంలో అడిగింది ఒక ఎక్స్‌ప్రెస్‌కు రెండు నిమిషాల హాల్టు. అదే ఎంపీగారు ప్రతిపక్షంలో ఉంటే అదే హాల్టు కోసం 'కేంద్రంపై ధ్వజమెత్తారు'. హాల్టూ మారలేదు, రైలూ మారలేదు. విశాఖ రైల్వే జోన్ వార్తలన్నీ వరసగా పెట్టుకుని చదివితే ఈ క్రియల చరిత్ర మొత్తం దొరుకుతుంది. 2014 విభజన చట్టంలో పరిశీలిస్తామన్న మాట, 2019 ఫిబ్రవరిలో ప్రకటన, 2025 జనవరి 8న శంకుస్థాపన. ఈ మధ్యకాలంలో అన్ని పార్టీలవాళ్లూ విన్నవించారు, పట్టుబట్టారు, ధ్వజమెత్తారు, చివరికి అందరూ 'సాధించారు'.

లండన్ మేయర్‌ది కూడా ఈ కథే. 2023లో పైన కన్సర్వేటివ్‌లు, ఈయన లేబర్. అప్పుడు ధ్వజమెత్తారు అనొచ్చు. 2025 జూన్‌లో తన పార్టీ ప్రభుత్వమే ఖర్చుల పద్దు చదివింది. టీఎఫ్ఎల్‌కు నాలుగేళ్లకు 220 కోట్ల పౌండ్లు ఇచ్చింది గానీ తూర్పు లండన్‌లో తిరిగే తేలికపాటి రైలు డీఎల్ఆర్ పొడిగింపు లాంటి కొత్త లైన్లకు హామీ లేదు. నిరాశ కలిగించిందన్నారాయన. దానికి మనకు 'పెదవి విరిచారు' అని ఎంత ముచ్చటైన మాట ఉంది! కోపం కాదు, తెగతెంపులూ కాదు. అంతకు నెల ముందు ప్రధాని స్టార్మర్ వలసల మీద మాట్లాడుతూ దేశం 'అపరిచితుల దీవి' అయిపోతుందన్నప్పుడు కూడా, అలాంటి మాటలు తానైతే వాడనన్నారు. అదీ పెదవి విరుపే.

మళ్లీ మొదటాయన

పెదవి విరిచారు బాగుంది, నాకు తట్టలేదు. అయితే రెండో సందర్భానికి అది తక్కువేమో. ఖాన్ తండ్రి పాకిస్తాన్ నుంచి వచ్చి లండన్‌లో బస్సు నడిపినవాడు. ఆ నగరంలో రవాణా, వలస వేర్వేరు విషయాలు కావు. బస్సులకూ రైళ్లకూ మనుషులు చాలక 1956లో లండన్ రవాణా సంస్థే బార్బడోస్ వెళ్లి మనుషుల్ని తెచ్చుకుంది. అలాంటి ఇంట్లో పుట్టినవాడు ఆ మాట నేను వాడను అంటే నేను 'విభేదించారు' అని రాస్తాను. పొడిగా ఉంటుంది, కానీ బరువు తగ్గదు.

వేరొకరు

మీరంతా క్షమించాలి. ఇన్ని క్రియలెందుకండీ? 'అన్నారు' అని రాస్తే సరిపోదా? పట్టుబట్టారో పెదవి విరిచారో చదివేవాళ్లం మేం తేల్చుకోమా? విలేకరి చేట పట్టుకుని కూర్చోవడమెందుకు?

మొదటాయన

వార్తకైతే మీరన్నదే ఒప్పు. 'అన్నారు' అంత నిజాయితీగల క్రియ ఇంకోటి లేదు, మా డెస్కులో దాన్ని బతకనిచ్చేవాళ్లం కాదు గానీ. ఈయన అడుగుతున్నది వ్యాసం. వ్యాసంలో రాసేవాడి అంచనా కనబడాలి. పేరాకు ఒక్కచోట తూకం వేసిన క్రియ పెట్టి, మిగతా అన్నిచోట్లా అన్నారు, చెప్పారు వాడితే సరి. ఒక షరతు: నాయకుడి చేతిలో ఏముందో తెలియకుండా ఆ ఒక్క క్రియనూ ఎంచుకోకూడదు.

ప్రశ్న అడిగినాయన

ధన్యవాదాలండీ. శీర్షిక ఇలా మార్చాను: 'రైలు డబ్బుకు పట్టు, వీసాలకు విన్నపం: లండన్ మేయర్ దారి'. రాసినాయన ఫోన్ చేసి, 2025 నవంబరు బడ్జెట్‌లో థేమ్స్‌మీడ్ డీఎల్ఆర్ పొడిగింపుకు ప్రభుత్వం మద్దతు ప్రకటించింది కాబట్టి 'సాధించిన మేయర్' అని పెట్టమంటున్నారు. పట్టాలు పడ్డాక పెడదాం అన్నాను. ఇంకో చిన్న సందేహం: 'పట్టుబట్టారు'నా, 'పట్టుపట్టారు'నా?

మొదటాయన

రెండూ రాస్తున్నారు. పత్రికల్లో ఎక్కువగా కనబడేది 'బ'తోనే, తూర్పారబట్టడం లాగే. ఏదో ఒకటి పెట్టండి గానీ ఒకే పేజీలో రెండూ వద్దు.