సబ్జెక్ట్: ఆంజే చుట్టుపక్కల కార్లు లేని గ్రావెల్ దారులు ఉన్నాయా?

అందరికీ నమస్తే. ఉద్యోగం మీద ఫ్రాన్స్‌లోని ఆంజే వచ్చి ఆరు వారాలైంది. సెకండ్ హ్యాండ్‌లో ఒక గ్రావెల్ సైకిల్ (కంకర, మట్టి దారుల మీద కూడా పోయేది) కొన్నాను. మొన్న ఆదివారం యాప్ చూపించిన దారిలో బయల్దేరితే, ఊరు దాటగానే సన్న రోడ్డు, పక్కకి తప్పుకుందామంటే చోటు లేదు, కార్లు మోచెయ్యి పక్కనుంచి దూసుకుపోతున్నాయి. మూడు కిలోమీటర్లు కూడా పోకుండానే భయమేసి వెనక్కి వచ్చేశాను. ట్రాఫిక్ లేకుండా నది పక్కన తొక్కుకునే దారులేమైనా ఉంటే చెప్పగలరా?

—

తమ్ముడూ, వెనక్కి వచ్చేసి మంచిపని చేశావు. మ్యాప్‌లో డి అక్షరం పక్కన నెంబరు ఉన్నవి జిల్లా రోడ్లు. వాటి మీద చాలాచోట్ల 80 స్పీడ్‌లో వెళ్ళొచ్చు, పక్కన మట్టి అంచు కూడా ఉండదు. యాప్ లెక్కలో మాత్రం అవి ‘చిన్న రోడ్లు’. కొత్తలో దాన్ని నమ్మకు.

నువ్వు వెతకాల్సిన మాట ‘షెమాఁ ద అలాజ్’. మాది గోదావరి డెల్టా కాబట్టి నాకు ఒక్క ముక్కలో అర్థమైంది, కాలవ గట్టు అని. పడవకి తాడు కట్టి గట్టు మీద నడుస్తూ లాక్కెళ్ళేవాళ్ళని మా తాతయ్య చెప్పేవాడు. ఇక్కడ మయెన్ నది మీదా అంతే, మనుషులూ గుర్రాలూ పడవల్ని లాగిన గట్టే ఇప్పుడు సైకిల్ దారి. ‘ఎక్లూజ్’ అంటే మన లాకులు, పడవలు దాటడానికి నీటి మట్టం పెంచే, దించే తలుపులు. మొదటిసారి చూసినప్పుడు తలుపుల సందుల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి, పక్కన లాకు మనిషి ఉండే చిన్న రాతి ఇల్లు, గోడ మీద లాకు పేరు, కిటికీలో ఎర్ర పూల కుండీలు. సైకిల్ దిగి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. మా ఊరి లాకుల దగ్గర వచ్చే పాచి వాసనే ఇక్కడా.

మయెన్ అంటే నదీ, ఊరూ, జిల్లా మూడూ అదే పేరు, కాబట్టి ఎవరైనా ‘మయెన్ వెళ్ళు’ అంటే ఏదో అడుగు. మయెన్ ఊరి నుంచి లవాల్, షాతో-గోంతియే మీదుగా జిల్లా దక్షిణ సరిహద్దు దాకా దాదాపు 85 కిలోమీటర్లు ఈ గట్టు ఉంది. సముద్రం ఒడ్డున ఉయిస్త్రెయామ్ నుంచి లా రొషెల్ దాకా వెళ్ళే వెలో ఫ్రాన్సెత్ అనే పెద్ద సైకిల్ దారిలో ఇది ఒక ముక్క. ఆ సరిహద్దు దాటి మీ ఆంజే వైపు వచ్చేసరికి గట్టు తెగుతూ ఉంటుంది, కొన్నిచోట్ల రోడ్డెక్కాలి. అందుకే నీ ఇంటి నుంచి మొదలుపెట్టకు. టీఈఆర్ అనే ప్రాంతీయ ట్రైన్‌లో సైకిల్ పెట్టుకుని లవాల్ వచ్చెయ్, గంట అటూ ఇటూ పడుతుంది, సైకిల్‌కి టికెట్ అక్కర్లేదు. టీజీవీ అనే హైస్పీడ్ ట్రైన్ అయితే అలా కుదరదు, సైకిల్‌కి చోటు ముందే బుక్ చెయ్యాలి, లేదా విప్పి సంచీలో పెట్టాలి. ఎక్కే ముందు అది ఏ ట్రైనో చూసుకో.

లవాల్ స్టేషన్ నుంచి కిందికి దిగితే నదే. మొదటిరోజు దక్షిణం వైపు, అంటే నది పారే వైపు వెళ్ళు. మా దగ్గర గాలి ఎక్కువగా నైరుతి నుంచి వస్తుంది, కాళ్ళలో బలం ఉండగానే ఎదురుగాలి అయిపోతే తిరిగొచ్చేటప్పుడు అదే వెనకనుంచి తోస్తుంది. లవాల్ నుంచి పదో కిలోమీటర్ దగ్గర ఆంత్రామ్ ఊరి పక్కన, నది ఒడ్డునే, పోర్-ద్యు-సాల్యూ మఠం కనిపిస్తుంది. సూపర్ మార్కెట్లో నారింజ రంగు తొక్కతో దొరికే పోర్ సాల్యూ చీజ్ ఈ మఠంలో పుట్టిందే, 1959లో ఆ పేరు బయటి కంపెనీకి అమ్మేశారు. అక్కడ కాసేపు కూర్చుని వెనక్కి వస్తే 20 కిలోమీటర్లవుతుంది, మొదటిసారికి చాలు. ఊపు ఉంటే షాతో-గోంతియే దాకా వెళ్ళు. కానీ అక్కడ రైల్వే స్టేషన్ లేదు, వెళ్ళినంతా తిరిగి తొక్కాల్సిందేనని గుర్తుపెట్టుకో.

నన్నడిగితే ఉత్తరం వైపే అందం. సాఁ-జాఁ-స్యూర్-మయెన్ దాటాక లోయ ఇరుకవుతుంది, రెండు పక్కలా చెట్లు, ఒక లాకు నుంచి ఇంకో లాకు దాకా నీటి చప్పుడు తప్ప ఏమీ వినపడదు. పొద్దున్నే వెళ్తే ఒడ్డున కొంగ ఒకటి నీ సైకిల్ దగ్గరికి వచ్చేదాకా కదలదు, వచ్చాక ఇంకో యాభై గజాల ముందుకెళ్ళి వాలుతుంది, మళ్ళీ లేస్తుంది. నాకైతే ఒకసారి మూడు లాకుల దాకా అదే కొంగ తోడు వచ్చింది.

ఇక జాగ్రత్తలు. నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. వచ్చిన మొదటి సంవత్సరం ఫిబ్రవరిలో, దారికి అడ్డంగా ‘రూత్ బారే’ (దారి మూసేశారు) అని బోర్డు పెట్టి ఉంటే, కార్లకేమోలే అనుకుని పక్కనుంచి దూరి వెళ్ళాను. గట్టు మీదికి నది వచ్చేసింది. నీళ్ళు చీలమండ లోతే ఉన్నట్టు కనిపించాయి గానీ కింద ఇసుక పట్టు వదిలేసింది, ముందు చక్రం కూరుకుపోయి నేను నీళ్ళ వైపే పడ్డాను. తడిసిన బూట్లతో నాలుగు కిలోమీటర్లు సైకిల్ నడిపించుకుంటూ వచ్చాను, అప్పటికి వేళ్ళు తిమ్మిరెక్కి తాళం తియ్యడం కూడా రాలేదు. గట్టు మూసేశారంటే అది నీకూ వర్తిస్తుంది. చలికాలంలో వానలు పడితే బయల్దేరే ముందు నది ఎలా ఉందో చూసుకో, ముంచుతుందనిపిస్తే పాత రైలు కట్టల మీద వేసిన ‘వ్వా వెర్త్’ దారులకి పో. లవాల్ నుంచి రెనజే వైపు ఒకటి ఉంది, పొలాల మధ్యనుంచి, దాదాపు చదునుగా, నదికి దూరంగా. రోడ్డు అడ్డం వచ్చిన ప్రతిచోటా గేటు దగ్గర దిగి రెండు వైపులా చూసుకో, ఆ దారిలో ప్రమాదమల్లా అక్కడే.

గట్టు దారి మన వైపు గ్రావెల్ రోడ్డులా ఎర్రగా ఉండదు, లేత పసుపు ఇసుకని రోలర్‌తో దిమ్మిస చేసినట్టు ఉంటుంది. ఎండలో హాయిగా పోతుంది. వాన పడిన మర్నాడు ఆ ఇసుక చెయిన్‌లో దూరి కరకర నములుతుంది, ఇంటికి రాగానే తుడిచి నూనె వెయ్యి.

—

అక్క చెప్పింది కరెక్ట్. ఆంజే నుంచి నావి కొన్ని కలుపుతున్నాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తొక్కితే 135 యూరోల ఫైన్, ‘ఒక్క చెవికే కదా’ అన్నా ఒప్పుకోరు. చీకటి పడ్డాక ఊరి బయట మెరిసే జాకెట్ తప్పనిసరి, లైట్లూ బెల్లూ సంగతి సరేసరి. సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి చివరిదాకా వేట సీజన్, ‘షాస్ ఆఁ కూర్’ (వేట జరుగుతోంది) అని బోర్డు కనిపిస్తే ఆ అడవి దారి వదిలెయ్, అసలు ఆ నెలల్లో ముదురు రంగు బట్టలు వేసుకోకు.

నీళ్ళు అయిపోతే పల్లెటూళ్ళో శ్మశానం గేటు తీసుకుని లోపలికి వెళ్ళు, కుళాయి ఉంటుంది. మనకి మొదట మనసొప్పదు, ఇక్కడి సైక్లిస్టులందరూ అక్కడే పట్టుకుంటారు. ‘నో పోతాబ్ల్’ అని రాసి ఉంటే మాత్రం తాగకు. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం పల్లెల్లో కొట్లు తీసి ఉంటాయని ఆశపడకు. మేం పులిహోర కట్టుకుని వెళ్తాం, సాయంత్రం దాకా పాడవదు, శాకాహారం ఎక్కడ దొరుకుతుందా అన్న టెన్షన్ ఉండదు.

ఆఫీసు అయ్యాక గంట ఉంటే ఊరి పక్కనే ఈల్ సాఁతోబాఁకి వెళ్ళు. నదుల మధ్య పచ్చిక దీవి, బల్లకట్టు మీద దాటాలి. చలికాలంలో మునిగిపోతుంది కాబట్టి వేసవిలోనే.

—

ఇద్దరికీ చాలా థాంక్స్ అక్కా, అన్నా. ఒక్క డౌట్. నా సైకిల్‌కి ఉన్నవి 32 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు. పనికొస్తాయా, మార్చాలా?

—

ఎండాకాలానికి పనికొస్తాయి తమ్ముడూ, గాలి మరీ గట్టిగా కొట్టకు. అక్టోబర్ లోపు 40 వేయించుకో, అంతకుముందు నీ ఫ్రేమ్‌లో అంత చోటుందో లేదో షాపులో చూపించు. స్పేర్ ట్యూబ్ కొనేటప్పుడు వాల్వ్ సన్నదా లావుదా చూసుకో, పంపు కూడా దానికి సరిపోయేదే ఉండాలి. లాకుల మధ్య పంక్చరైతే అడగడానికి మనిషి కనపడడు.

వచ్చే శనివారం వాన లేకపోతే నేను ఆంత్రామ్ దాకా వెళ్తున్నాను. పొద్దున ట్రైన్ ఎక్కాక మెసేజ్ పెట్టు, లవాల్ స్టేషన్ బయట ఉంటాను. పులిహోర నేను తెస్తాను, నువ్వు నీళ్ళ సీసాలు రెండు పెట్టుకో.